లోపలి వైపు జరీ

బ్యాటరీని ఎండలో పెట్టకూడదని సింధూరి చెప్పగానే, దానమ్మ దాన్ని ఎండుచేపల పక్క నుంచి తీసి ఎండురొయ్యల పక్కన పెట్టింది.

"అత్తయ్యా, అదీ ఎండే కదండీ."

"ఇక్కడ కాస్త గాలి కొడుతుందిలే అమ్మాయ్. తడిసినదాన్ని ఎండబెట్టకపోతే కుళ్ళిపోదూ?"

"కుళ్ళిపోవడానికి అదేమన్నా చేపా అండీ?"

"ఉప్పునీళ్ళలోంచి వచ్చింది ఏదైనా నాకు చేపే," అంటూ దానమ్మ చాప మీది రొయ్యల్ని అరచేత్తో తిరగేస్తూ ముందుకు జరిగింది.

సింధూరికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ పాత వాకీటాకీ బ్యాటరీ కిందటి వేటలో సముద్రంలో పడింది. పొట్ట ఉబ్బి ఉంది. దాన్ని ఇంటికి దూరంగా పెరటి చివర మట్టి మూకుడులో పెట్టి, బెజవాడ వెళ్ళినప్పుడు కొట్టువాడికి తిరిగి ఇచ్చేద్దామని ఆమె చెప్పి ఎన్నాళ్ళో అయింది. తాను మూకుడులో పెట్టడం, అత్తగారు తీసి చాప మీద ఆరబెట్టడం, రోజూ ఇదే వరస.

నిజానికి పెళ్ళై ఈ ఇంటికి వచ్చాక ఆమెకు నచ్చనిదంటూ లేదు. మేడెక్కితే గిలకలదిండి రేవులో బోట్ల జెండాలు వరసగా రెపరెపలాడడం నచ్చింది. ఐసు గడ్డలు మరలో పడి నలిగే చప్పుడు నచ్చింది. అత్తగారి పెద్ద నవ్వు, మామగారు కాశీరావు అన్నంలో చేపల పులుసు పోసుకుని కళ్ళు మూసుకోవడం, అన్నీ నచ్చాయి. బెజవాడ భవానీపురంలో చేపల కొట్టు నడిపే ఆమె నాన్నకి చేపంటే తూకమూ పొలుసూ మాత్రమే. ఇక్కడ చేపంటే సముద్రం. ఇక గంగాధర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అతను తుమ్మినా ఆమెకు నవ్వొచ్చేది. వేట నిషేధం రోజుల్లో పెళ్ళయింది కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి, మొగుడూ ఒడ్డునే ఉన్నాడు. ఇంకేం కావాలి?

కంట్లో నలుసల్లా వాకీటాకీ బ్యాటరీలే. వాటి చార్జర్ గ్యాస్ బండ మీద ఉండేది. ఎందుకంటే ప్లగ్గు అక్కడుంది. బ్యాటరీ వేడెక్కితే గంగాధర్ దాన్ని ఐసు పెట్టెలో, చేపల మధ్య దోపేవాడు. రేవులో బోటు మరమ్మతుకి వెళ్ళినా రెండో బ్యాటరీని లుంగీ మడతలో, ఇంజిన్ తాళంచెవితోనూ వల కోసే చాకుతోనూ కలిపి ముడేసుకునేవాడు. పండగైనా పూజైనా దానమ్మ తడి పసుపు తెచ్చి దాని రాగి రేకుల మీదే బొట్టు పెట్టేది. అవి మెరుస్తాయి కాబట్టి అదే దాని ముఖమని ఆవిడ లెక్క.

పోరగా పోరగా గంగాధర్ ఆమెను బండి మీద బెజవాడ వన్‌టౌన్‌కి తీసుకెళ్ళి కొత్త బ్యాటరీలు ఒక జత కొన్నాడు. ఒకటి బోటులోని వాకీటాకీ సెట్టుకి, ఒకటి ఇంట్లో ఉండే సెట్టుకి అదనంగా. హడావిడిలో పాతది మాత్రం పెరట్లోనే ఉండిపోయింది. తిరిగొస్తూ పామర్రులో చెరుకురసం కోసం ఆగారు. ఆమె అక్కడే డబ్బా విప్పి, లోపలి చిన్న పుస్తకాన్ని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. చెరుకురసం కంటే అదే ఎక్కువ తియ్యగా ఉంది ఆమెకు.

"ఇటు చూడు, బొమ్మలు కూడా ఉన్నాయి. తాళంచెవి మీద ఇంటూ మార్కు వేశారు. తాళాలు, చిల్లర, గొలుసులు, లోహం ఏదీ ఈ రెండు రేకులకీ కలిపి తగలకూడదట. తగిలితే కాలుతుందట."

"అది మా తాళంచెవి కాదులే," అన్నాడు గంగాధర్ గ్లాసు ఖాళీ చేస్తూ.

"బావా!"

"సరే తల్లీ. మరి దేంట్లో పెట్టుకోమంటావ్? నెత్తి మీద పెట్టుకోనా?"

అందుకే ఆమె సంచీ కుట్టింది. నీలం రంగు గట్టి గుడ్డ తీసుకుంది. దాని అందం కోసం దానమ్మ పెట్టె తెరిచి, చిరిగిపోయిన తన పెళ్ళిచీర అంచులోంచి ఒక ముక్క కోసి ఇచ్చింది. "ఆ కాలం జరీ. ఇప్పటికీ మెరుపు చావలేదు చూడు," అంది. కోడలు కుట్టిన సంచీని తిప్పి తిప్పి చూసి ఆవిడ మురిసిపోయింది. బ్యాటరీల విషయంలో ఆ ఇంట్లో ఎవరైనా ఆమె మాట విన్నట్టు అనిపించింది ఆ ఒక్కసారే.

గంగాధర్ మాత్రం సంచీని చూసి బుర్ర గోక్కున్నాడు. "బ్రహ్మాండంగా ఉంది. కానీ ఇది కట్టుకుని బోటెక్కితే చిట్టిబాబు నన్ను బతకనిస్తాడా? పెళ్ళికూతురి పర్సు తెచ్చుకున్నానంటాడు."

చిట్టిబాబు అతని చిన్ననాటి స్నేహితుడు. పక్క బోటు నడిపే సరంగు. నోరు తెరిస్తే ఎగతాళే. సింధూరి కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత సంచీని లోపలిది బయటికి తిప్పేసింది. బయట ఉత్త నీలం. జరీ అంతా లోపల.

"ఇప్పుడు సరేనా? అదక్కడుందని మనిద్దరికే తెలుసు."

గంగాధర్ ముఖం వెలిగిపోయింది. ఆమె ముఖం అంతకంటే వెలిగింది.

నిషేధం ముగిసి బోట్లు కదిలే రోజు ఉదయం రేవులో పూజయింది. దానమ్మ పసుపు గిన్నెతో తమ బోటు 'జలకన్య' ముక్కుకీ, ఇంజిన్‌కీ, వలలకీ బొట్లు పెడుతూ వాకీటాకీ దగ్గరికొచ్చింది.

"సెట్టుకి పెట్టండి అత్తయ్యా. బ్యాటరీకి మాత్రం వద్దు."

"గంగమ్మ తల్లికి లేని పట్టింపు నీకెందుకే?"

సింధూరి అటు తిరిగేసరికి ఆవిడ పెట్టనే పెట్టింది. సింధూరి పళ్ళు కొరుక్కుంటూ రేకుల్ని పొడిగుడ్డతో తుడిచి, బ్యాటరీని నీలం సంచీలో వేసి, తాడు బిగించి, తన చేత్తో మొగుడి నడుముకి కట్టింది. చొక్కా దాని మీదికి లాగి కప్పింది. తాళంచెవి వేరు, చాకు వేరు, బ్యాటరీ వేరు. మొత్తానికి తన మాట నెగ్గింది. బోట్లు ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి కనబడనంత దూరం వెళ్ళేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇంటికి వచ్చాక అత్తాకోడళ్ళిద్దరూ సెట్టు దగ్గర కూర్చున్నారు. మేడ మీద కర్రకు కట్టిన ఏరియల్ వల్ల సముద్రం మీది మాటలన్నీ ఇంట్లోకి వచ్చేవి. అక్కడ ఆడవాళ్ళు వినవచ్చు, మాట్లాడకూడదు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదది. బోట్లు సముద్రంలో ఉండగా ఇంటి నుంచి ఆడగొంతు వినబడిందంటే ఎవరో పోయారని అర్థం. ఆ గొంతు వినగానే అన్ని బోట్లూ వలలెత్తి వెనక్కి తిరుగుతాయి. మామూలు కబుర్లన్నీ మగవాళ్ళే చెప్పాలి. ఆ రోజు కాశీరావు వల దారం కొనడానికి చల్లపల్లి వెళ్ళాడు.

ఎండ ముదిరేసరికి వీధిలో మైకు వినిపించింది. "పాత పట్టుచీరలు కొంటాం, జరీ చీరలు కొంటాం." దానమ్మ మోపెడ్ మనిషిని కేకేసి, పెళ్ళిచీరలో మిగిలిన అంచు తెచ్చి చూపించింది. అమ్మడానికి కాదు, గొప్ప చెప్పుకోవడానికి. ఆ మనిషి ఒక పోగు లాగి లైటర్‌తో వెలిగించాడు. పట్టు నల్లగా ముడుచుకుని రాలిపోయింది. వేళ్ళ మధ్య సన్నటి తెల్లటి తీగ మిగిలింది.

"అసలు సరుకమ్మా ఇది. దారం కాలినా వెండి కాలలేదు చూశారా?"

"చూశావా అమ్మాయ్? మా నాన్న పెట్టిన చీర!" దానమ్మ పెద్దగా నవ్వింది.

సింధూరి కూడా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. పామర్రులో చెరుకురసం బండి దగ్గర చూసిన బొమ్మ కళ్ళముందుకు వచ్చింది. తాళంచెవి, దాని మీద ఇంటూ మార్కు. వెండి లోహం కాదా? తాళంచెవికి చెప్పింది వెండి తీగకు వర్తించదా? ఆ తీగలన్నీ ఇప్పుడు ఏ వైపున్నాయి?

ఆమె లోపలికి పరిగెత్తి ఇంట్లో ఉన్న కొత్త బ్యాటరీ తెచ్చింది. బట్టలుతికే బండ మీద పెట్టింది. జరీ ముక్కని బట్టలకు పెట్టే ప్లాస్టిక్ క్లిప్పుతో పట్టుకుంది. చెయ్యకూడదని తెలిసే, చెయ్యి చాపినంత దూరం నుంచి ఆ ముక్కని రెండు రేకులకూ ఆనించింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత చురచురమంది. తీగలు ఎర్రగా మెరిశాయి, పొగ లేచింది. ఆమె క్లిప్పుతో సహా దాన్ని మట్టిలోకి విసిరేసింది.

"నా చీర!" అని అరిచింది దానమ్మ. తర్వాత కోడలి ముఖం చూసింది. "ఏంటే? ఏమైందే?"

"ఇదే ఆయన నడుముకుంది అత్తయ్యా. నేనే కట్టాను."

చెప్పి సెట్టు వైపు నడిచింది. దానమ్మ ముందే వెళ్ళి దాని మీద చెయ్యి వేసింది.

"ఆగు. నువ్వు నొక్కితే అందరూ వలలెత్తేస్తారు. మొదటి వేట తల్లీ! రేవు రేవంతా మనల్ని దుమ్మెత్తిపోస్తుంది. మీ మామయ్య రానీ."

"వచ్చేదాకా అది కాలకుండా ఆగుతుందా అండీ? పక్కనే డీజిల్ డబ్బాలుంటాయి."

దానమ్మ సరేననలేదు. చెయ్యి మాత్రం తీసింది.

సెట్టులో ఎవరో కూరలో ఉప్పెక్కువైందని వంటవాణ్ణి తిడుతున్నారు. ఆ మాట అయిపోగానే సింధూరి మీట నొక్కింది.

"జలకన్యా, జలకన్యా, ఇంటి నుంచి మాట్లాడుతున్నాను. వినిపిస్తోందా?"

సముద్రం మీది మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కాసేపటికి చిట్టిబాబు గొంతు వచ్చింది. ఎగతాళి జాడ లేదు.

"ఎవరమ్మా అది? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు అన్నయ్యా. నేను సింధూరిని. మా ఆయన్ని పిలవండి."

"కాశీరావు బాబాయా?"

"అయ్యో, ఎవరూ పోలేదండీ!"

"ముందు అలాగే అంటార్లే చెల్లెమ్మా. గుండె దిటవు చేసుకో. ఒరేయ్, వలలెత్తండ్రా!"

"ఎత్తకండి! ముందు నా మాట వినండి!" అని ఆమె అరిచింది. కానీ అప్పటికే అవతల ఇద్దరు ముగ్గురు ఒకేసారి మీటలు నొక్కారు. ఆమె కేక ఆ గరగరలో కలిసిపోయింది. ఇన్ని రోజులుగా ఇంట్లో జరిగిందే ఇప్పుడు సముద్రమంతటా జరుగుతోంది. తను చెప్పేది తప్ప అన్నీ వింటున్నారు. దానమ్మ గోడకి చేరగిలబడి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

చివరికి గంగాధర్ గొంతు వచ్చింది. "సింధూ, అమ్మకేమైంది?"

"అత్తయ్య నా పక్కనే ఉన్నారు. మామయ్య చల్లపల్లిలో ఉన్నారు. అందరూ బాగున్నారు. ఏమండీ, మీ నడుముకున్న సంచీ వెంటనే తీసి దూరంగా పెట్టండి."

"ఏ సంచీ?" అన్నాడు చిట్టిబాబు.

గంగాధర్ గబుక్కున అన్నాడు. "నా దగ్గర సంచీ ఏం లేదే."

సింధూరి సెట్టు వైపు నమ్మలేనట్టు చూసింది. మీట నొక్కిన బొటనవేలు తెల్లబడింది.

"ఉంది! నీలం సంచీ. నేను కుట్టింది. లోపల జరీ ఉంది, ఆ జరీ వెండిది, అది బ్యాటరీకి తగిలితే మంటలొస్తాయి!"

ఏదో బోటు నుంచి నవ్వు వినిపించింది. "జరీనా? ఏరా గంగా, పట్టుబట్టలు కట్టుకుని వేటకొచ్చావా?"

"అదేం లేదురా బాబూ, ఆవిడేదో..."

'ఆవిడేదో' అనేసరికి ఆమెకు సిగ్గూ కోపమూ భయమూ ఒక్కసారే పైకొచ్చాయి. మీట నొక్కింది గానీ మాట రాలేదు. దానమ్మ లేచి సెట్టు లాక్కుంది. పెళ్ళై ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆవిడ ఆ మీట మీద వేలు పెట్టింది లేదు.

"ఒరేయ్ గంగా! నేన్రా, మీ అమ్మని. నీ నడుమ్మీదున్నది నా పెళ్ళిచీర ముక్క. సిగ్గుపడింది చాలు. తీస్తావా, నన్నే పడవేసుకుని రమ్మంటావా?"

ఇప్పుడెవరూ నవ్వలేదు. సెట్టు సన్నగా బుసకొడుతోంది. అత్తాకోడళ్ళు దానికేసి చూస్తూ నిలబడ్డారు.

"అమ్మా... కాలుతోందే," అన్నాడు గంగాధర్.

సింధూరి సెట్టు అందుకుంది. గొంతు తిరిగొచ్చింది. "బ్యాటరీని చేత్తో పట్టుకోకు. తాడు కోసెయ్. తాడు పట్టుకునే తీసుకెళ్ళు. డీజిల్ వైపు వద్దు, వలల మీద వద్దు. వంట పొయ్యి కింద ఇసుక పోసిన రేకు తొట్టి ఉందిగా, దాన్ని ఖాళీ చోటికి లాగి అందులో పడెయ్."

చాలాసేపు బుస.

"పడేశా. పొగొస్తోంది."

"ఇంకాస్త ఇసుక పొయ్యి. దూరంగా జరుగు. దగ్గరికెళ్ళి మొహం పెట్టి చూడకు."

"చూట్లేదు."

"చూస్తున్నావ్, నాకు తెలుసు. జరుగు!"

"సరే, జరిగా."

"మేం పక్కకొస్తున్నాం గంగా," అన్నాడు చిట్టిబాబు.

దానమ్మ చెప్పినట్టే జరిగింది. సాయంత్రానికి బోట్లు సగం ఐసు కూడా వాడకుండా రేవుకి తిరిగొచ్చాయి. మొదటి వేట చెడిందని కొందరు సింధూరిని కొరకొరా చూశారు, కొందరు పైకే అన్నారు. ఆమె తల వంచుకుని అన్నీ విని మొగుణ్ణి ఇంటికి తీసుకొచ్చింది. అతని నడుము మీద అరచేయంత మేర ఎర్రగా కందింది. ఒకచోట బొబ్బ లేచింది. దానమ్మ పసుపు గిన్నెతో పరిగెత్తుకొచ్చింది.

"వద్దు!" అంది సింధూరి. ఆ అరుపుకి గిన్నె అక్కడే ఆగిపోయింది. ఆమె చల్లటి నీళ్ళు ధారగా పోస్తూ కూర్చుంది.

"సంచీ లేదన్నావు," అంది సింధూరి, అత్తగారు లోపలికి వెళ్ళాక.

"మాట అలా వచ్చేసింది. అందరూ వింటున్నారు కదా."

"అందరూ విన్నారు, నువ్వు తప్ప. వచ్చిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా. గ్యాస్ బండ మీద వద్దు, ఎండలో వద్దు, ఐసులో వద్దు. ఒక్కరు వింటే ఒట్టు. నేనే ఇంటూ మార్కు చూపించి, నేనే వెండి తీగల్లో చుట్టి కట్టాను. ఆ తప్పు నాదే. కానీ వెచ్చగా తగులుతుంటే విప్పి చూడాలని కూడా అనిపించలేదా నీకు?"

గంగాధర్ నేలకేసి చూశాడు. "అనిపించింది. కానీ నువ్వు కట్టావు కదా. వెచ్చగా ఉంటే నువ్వు పక్కనున్నట్టే అనిపించింది."

సింధూరి చెంబు కింద పెట్టింది. కొట్టాలో నవ్వాలో తెలియలేదు. "అది బ్యాటరీ కాలడం బావా! ప్రేమ కాదు!"

అతను నవ్వబోయి నడుము మండి "అబ్బా" అన్నాడు. ఆమె మళ్ళీ చెంబు ఎత్తింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

తర్వాతి వేటకి బ్యాటరీ మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, అది తప్ప ఇంకేమీ లేకుండా వెళ్ళింది. ఎవరూ మెచ్చుకోలేదు. గ్యాస్ బండ మీది చార్జర్ కిటికీ గూట్లోకి మారడానికి ఇంకో రెండు గొడవలు పట్టాయి. మళ్ళీ బోట్లు కదిలే పూజ రోజున దానమ్మ పసుపు వేలితో డబ్బా దగ్గర ఆగి, కోడలి వైపు చూసింది. "మూత మీద పెట్టొచ్చా?" అని విసుగ్గా అడిగింది. సింధూరి తలూపింది.

ఆ మధ్యాహ్నం సెట్టులో చిట్టిబాబు గొంతు వినిపించింది. "జరీ చెల్లెమ్మా, ఉన్నావా?" ఆ పేరు ఇక పోదని ఆమెకి అప్పటికే అర్థమైపోయింది. "మా ఇంట్లో బ్యాటరీ తడిస్తే మా ఆవిడ బియ్యం డబ్బాలో పెట్టిందట. మంచిదేనా?"

సింధూరి కాశీరావు వైపు చూసింది. మాట్లాడాల్సింది ఆయనే మరి. ఆయన పులుసన్నం ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే పెరట్లో దానమ్మ మూకుడులోంచి ఉబ్బిన పాత బ్యాటరీని తీసి కొంగుతో తుడుస్తోంది.

"అత్తయ్యా, అది అక్కడ పెట్టండి!"

"రొయ్యల పక్కన కాదులే, నీడలోనే పెడుతున్నా!"

సింధూరి గట్టిగా ఊపిరి వదిలి మీట నొక్కింది.

"ఎవరూ పోలేదండీ," అంది ముందుగా. తర్వాత బియ్యం డబ్బా సంగతి మొదలుపెట్టింది.